కుడియెడమల తేదీ

మన కళాశాల వార్షిక సంచికను ఎడమ వైపు నుంచి తెరిస్తే తెలుగు, కుడి వైపు నుంచి తెరిస్తే ఉర్దూ. రెండు భాషల పుటలు నడుమ ఎక్కడో ఒకచోట ఎదురెదురుగా వచ్చి నిలుస్తాయి. ముప్పై నాలుగేండ్లు ఇక్కడ గణితం బోధించిన వాణ్ణి కనుక, ఈసారి సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదక వర్గంవారు కోరినప్పుడు, లెక్కల విషయమే వ్రాస్తానని ముందే చెప్పాను. అయితే ఇది పాఠం కాదు. ఎటు నుంచి చదివినా ఒకే విధంగా ఉండే తేదీలను గురించి, ఆ తేదీలను నాకంటే ఎక్కువగా ప్రేమించిన మా నాన్నగారిని గురించి నాలుగు మాటలు.

తెలుగు విద్యార్థులకు ఈ వింత క్రొత్తది కాదు. తెనాలి రామకృష్ణుణ్ణి ‘వికటకవి’ అన్నారు. ఆ మాటను తిరగవేసి చదివినా వికటకవియే. కిటికి, పులుపు, మహిమ, నందనం, కునుకు, మడమ మొదలైన మాటలు మనం రోజూ వాడుతూనే ఉంటాం గాని వాటిలోని చమత్కారాన్ని పట్టించుకోము. సంస్కృత కవులు దీనిని గతప్రత్యాగతమని పిలిచి శ్లోకాలకు శ్లోకాలే అల్లారు. పదిహేడవ శతాబ్దికి చెందిన వేంకటాధ్వరి ఒక అడుగు ముందుకు వేసి, రాఘవయాదవీయంలో ముందు నుంచి చదివితే రాముని కథ, వెనుక నుంచి చదివితే కృష్ణుని కథ వచ్చేటట్లు 30 శ్లోకాలు వ్రాశాడు.

ఉర్దూ విద్యార్థులు ఇక్కడ చిన్నబుచ్చుకోనక్కరలేదు. ‘షాబాష్’ అన్న మాటను ఉర్దూ లిపిలో వ్రాసి చూడండి: షీన్, అలిఫ్, బే, అలిఫ్, షీన్. ‘నాదాన్’ కూడా అంతే. ‘దర్ద్’, ‘తఖ్త్’, ‘నాన్’, ‘బాబ్’ అన్నీ ఆ కోవలోనివే. ‘దామాద్’, అంటే అల్లుడు, ఉర్దూలో ఎటు తిప్పినా అల్లుడే. తెలుగు లిపిలో వ్రాస్తే ఈ గుణం పోతుంది. అదే విధంగా వికటకవిని ఉర్దూలో వ్రాస్తే ఆయన మామూలు కవి అయిపోతాడు. ఒక భాషలోని చమత్కారం మరొక భాషలోనికి రాదని పెద్దలు చెబుతారు. అంకెలు మాత్రం వస్తాయి. వాటితోనే నా కథ ప్రారంభం.

నాకు పుట్టిన తేదీలు రెండు. మొదటిది 12-10-1961. అది మా అమ్మకు, మంత్రసానికి, మా నాన్నగారి చిట్టాపుస్తకానికి మాత్రమే తెలిసిన తేదీ. రెండవది 21-01-1961. అది పాఠశాలకు, విశ్వవిద్యాలయానికి, బ్యాంకుకు, నా పాస్‌పోర్టుకు తెలిసిన తేదీ. ఈ రెండింటి నడుమ దాదాపు తొమ్మిది నెలల దూరం ఉంది. అంటే ప్రభుత్వ రికార్డుల ప్రకారం మా అమ్మ నన్ను కడుపున మోయడం ప్రారంభించిన నాటికే నేను పుట్టి ఉన్నాను.

మా నాన్నగారు ఆదోనిలో ఒక ప్రత్తి మండీలో గుమాస్తా. ఇంట్లో ఆయనను ‘అబ్బా’ అని పిలిచేవాళ్ళం. షావుకారుకు తెలుగులో చిట్టా వ్రాసేవారు. తన సొంత లెక్కలు, ఇంటి విషయాలు మాత్రం ఒక ఎర్ర అట్ట పుస్తకంలో ఉర్దూలో వ్రాసుకునేవారు. 1966 జూన్‌లో నన్ను బడిలో చేర్పించడానికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకంలోని తేదీని ఒక చీటీ మీద ఉర్దూ అంకెలలోనే ఎక్కించి తీసుకుపోయారు. అక్కడి గుమాస్తాకు ఉర్దూ అంకెల రూపాలు కొద్దిగా తెలుసు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదవాలన్న సంగతి కూడా తెలుసు. ఆ రెండు తెలివితేటలూ కలిసి నా కొంప ముంచాయి.

ఉర్దూలో అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. కాని అంకెలు ఎడమ నుంచి కుడికే వ్రాస్తారు. వాక్యం ఒక వైపు పోతూ ఉంటుంది. మధ్యలో సంఖ్య వచ్చినప్పుడు కన్ను వెనుకకు మళ్ళి, దానిని చదువుకొని, మరల తన దారిన పోతుంది. పుట్టినప్పటి నుంచి ఉర్దూ చదివేవారికి ఈ మలుపు తెలియనే తెలియదు. మన గుమాస్తాగారికి ఆ మలుపు తెలియక, అంకెలను కూడా కుడి నుంచి చదివారు. 12 కాస్తా 21 అయింది. 10 కాస్తా 01 అయింది. సంవత్సరాన్ని కూడా తిరగవేస్తే 1691 రావలసింది. ఔరంగజేబు కాలంలో పుట్టిన పిల్లవాణ్ణి ఒకటవ తరగతిలో చేర్చుకోవడానికి ఆయనకు ధైర్యం చాలలేదు కాబోలు, దానిని మాత్రం సరిగానే వ్రాశారు.

ప్రసంగవశాన ఒక మాట. 1961 కూడా ఒక వింత సంవత్సరమే. కాగితాన్ని తలక్రిందులుగా తిప్పి చూసినా అది 1961గానే కనిపిస్తుంది. ఇటువంటి సంవత్సరం మరల 6009 వరకు రాదు. నా పుట్టిన తేదీ మొత్తంలో ఎవరూ చెడగొట్టలేకపోయినది ఆ నాలుగంకెలే.

ఆ పొరపాటు వలన నాకు అప్పుడు మేలే జరిగింది. నిజానికి నాకు ఐదేండ్లు నిండటానికి ఇంకా నాలుగు నెలలు ఉన్నది. రికార్డు ప్రకారం ఐదు నిండి ఐదో నెల నడుస్తున్నది. అందువలన నన్ను చేర్చుకున్నారు. పాఠశాల, కళాశాల, ఎం.ఎస్‌సి. అన్నీ ఆ తేదీ మీదనే గడిచిపోయాయి. మా ఇంట్లో పుట్టినరోజులు జరుపుకునే అలవాటు లేదు కనుక నా మట్టుకు నాకు జనవరి 21 తప్పు అని తెలియదు.

1986లో ఒక ఉద్యోగానికి దరఖాస్తు చేశాను. వ్రాత పరీక్షకు ఏడాదిగా సిద్ధమవుతున్నాను. ఆ ఏడాది జూలై 1 నాటికి 25 ఏండ్లు నిండి ఉండరాదన్నది నిబంధన. నా దరఖాస్తు తిరిగి వచ్చింది; నాకు 25 నిండి ఐదు నెలలు దాటిందని దాని మీద వ్రాసి ఉంది. నేను నిబంధనను సరిగా చదవలేదు, తప్పు నాదేననుకొని ఆ కాగితాన్ని బల్ల మీద పడవేశాను. ఆ రాత్రి భోజనాలైన తరువాత అబ్బా ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి నా ముందు తెరిచి పెట్టారు.

“నీకు ఇరవై ఐదు నిండలేదు బేటా. అక్టోబరులో నిండుతాయి,” అన్నారు.

నేను ఆ పుటను చూశాను. పన్నెండు, పది, పంతొమ్మిది వందల అరవై ఒకటి. స్పష్టంగా ఉంది.

“మీకు ఎప్పుడు తెలిసింది అబ్బా?” అని అడిగాను.

“చేర్పించిన మరునాడే చూశాను. దిద్దమంటే నిన్ను ఇంటికి పంపివేస్తారని భయపడ్డాను. నువ్వు అప్పటికే పలక పట్టుకొని కూర్చున్నావు.”

ఇరవై ఏండ్లు ఆయన ఆ మాటను లోపల దాచుకున్నారు. దిద్దించడానికి అప్పుడు ప్రయత్నించాము గాని, అంత కాలం గడిచిన తరువాత చేతివ్రాత పుస్తకాన్ని సాక్ష్యంగా ఎవరు ఒప్పుకుంటారు? పరీక్ష తేదీ దాటిపోయింది. ఆ మరుసటి సంవత్సరం నేను ఈ కళాశాలలో ఉపన్యాసకుడిగా చేరాను. ఆ ఉద్యోగం వచ్చి ఉంటే నా జీవితం ఎలా ఉండేదో అని మొదట్లో ఆలోచించేవాణ్ణి, తరువాత మానివేశాను. అబ్బా మాత్రం మానలేదు. నా ముందు ఆ ప్రసంగం మరల ఎప్పుడూ తీసుకురాలేదు. దానికి బదులుగా ఆయన తేదీల వెంట పడ్డారు.

1990 నవంబరు 9న నేను కళాశాల నుంచి వచ్చేసరికి ఆయన వాకిట్లో నిలబడి ఉన్నారు. చేతిలో చీటీ. దాని మీద 09-11-90. “దీన్ని ఆ గుమాస్తాకు ఇచ్చి చదవమను. కుడి నుంచి చదవనీ, ఎడమ నుంచి చదవనీ. ఏం చెడగొడతాడో చూద్దాం!” అన్నారు. అరవై దాటిన మనిషి ముఖంలో అంత ఉత్సాహం నేను అంతకుముందు చూడలేదు.

సంవత్సరానికి రెండంకెలు మాత్రమే వ్రాసే పద్ధతిలో ఇటువంటి తేదీలు నవంబరులోనే వస్తాయి. ఆరంకెలలో నడిమి రెండూ ఒకటే కావాలి. ఆ నడిమి రెండూ నెల. నెలలలో రెండంకెలు ఒకటిగా ఉన్నది 11 ఒక్కటే. మండీ చిట్టాలలో సంవత్సరాన్ని రెండంకెలతోనే వేస్తారు కనుక అబ్బాకు ఇది కంటపడింది. మరుసటి ఏడు 19-11-91, ఆ పై ఏడు 29-11-92. ఆ రెండు రోజులలోనూ మా ఇంట్లో మిఠాయి పంచారు. ఇరుగుపొరుగువారికి కారణం చెప్పడం మా అమ్మకు తలనొప్పి అయింది. ఆ తరువాత ఎనిమిదేండ్లు ఏమీ లేదు. 93లో కావాలంటే 39వ తేదీ ఉండాలి మరి.

“నాలుగంకెల సంవత్సరం వేస్తే ఎప్పుడు వస్తుంది?” అని ఒకనాడు అడిగారు. ఆ లెక్క నేను చేసి చూపించాను. మన విద్యార్థులు కూడా ఒక కాగితం దగ్గర పెట్టుకొని చేయవచ్చు. రోజు, నెల, సంవత్సరం వరుసగా ఎనిమిది అంకెలు. సంవత్సరంలోని మొదటి రెండంకెలను తిరగవేస్తే నెల రావాలి. చివరి రెండంకెలను తిరగవేస్తే రోజు రావాలి. 19తో మొదలయ్యే సంవత్సరాలకు 91వ నెల కావాలి, అది లేదు. 18కి 81, 17కి 71, ఇలా వెనుకకు పోతూ ఉంటే 12కి 21, అదీ లేదు. 11కి 11, అంటే నవంబరు! కనుక 2001కి ముందు ఇటువంటి కడపటి తేదీ 29-11-1192. అప్పుడు ఓరుగల్లులో కాకతీయ రుద్రదేవుడు రాజ్యం చేస్తున్నాడు. ఆయన కాలపువారు తేదీని ఈ విధంగా వ్రాయలేదు సరికదా, శకవర్షాన్ని మాటలలో కూర్చి చెప్పేవారు. ఆ మాటల సంఖ్యలను కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి. అంకెలు ఎడమ దిక్కుకు నడుస్తాయన్నది సంస్కృత గణితజ్ఞుల సూత్రం. ఈ సంగతి చెప్పినప్పుడు అబ్బా కాసేపు మౌనంగా ఉండి, “అయితే ఆ గుమాస్తా మరీ తెలివితక్కువవాడేం కాదు, కాలం కాని కాలంలో పుట్టాడు, అంతే,” అన్నారు. ఆయన ఆ గుమాస్తాను క్షమించింది అప్పుడేనని నా ఊహ.

1192 తరువాత 808 ఏండ్లకు పైగా విరామం. ఆ పైన 10-02-2001 వచ్చింది. 20తో మొదలయ్యే సంవత్సరాలకు నెల 02, అంటే ఫిబ్రవరి. ఈ శతాబ్దంలో ఇటువంటి తేదీలన్నీ ఫిబ్రవరిలోనే ఉన్నాయి; మరే నెలలోనూ ఒక్కటి కూడా లేదు. ఇందులో నాకు అన్నింటికంటే ముచ్చట గొలిపేది వేరొకటి ఉంది. ఫిబ్రవరిలోని ప్రతి రోజుకు ఈ శతాబ్దంలో సరిగ్గా ఒక్కసారి ఈ గౌరవం దక్కుతుంది. ఒకటవ తేదీకి 2010లో, రెండవ తేదీకి 2020లో, పదవ తేదీకి 2001లో, పద్నాలుగవ తేదీకి 2041లో. మరి 29వ తేదీ సంగతి? దానికి 2092 కావాలి; 2092 అధిక దినం గల సంవత్సరమే! నాలుగుతో భాగించి చూసుకోండి. ఆ లెక్క తేలిన నాడు నేను బల్ల చరిచాను. ఎవరూ అమర్చనిది ఇంత చక్కగా అమరడం గణితంలో అప్పుడప్పుడు జరుగుతుంది. మొత్తం 29 తేదీలు. మొదటి దశాబ్దంలో రెండు, తరువాత ప్రతి దశాబ్దంలో మూడు. మొదటి దశాబ్దంలో మూడవది 30-02-2003 కావలసింది. “ఫిబ్రవరి మనకు ఒక రోజు బాకీ పడింది,” అని అబ్బా ఎర్ర పుస్తకంలో బాకీల పుటలోనే వ్రాసుకున్నారు.

20-02-2002 బుధవారం. ఆ సాయంకాలం అబ్బా గడియారం ముందు కూర్చున్నారు. రైల్వే లెక్కన 20 గంటల 2 నిమిషాలకు, అంటే రాత్రి ఎనిమిది దాటి రెండు నిమిషాలకు, 2002 మూడుసార్లు వస్తుంది: గంటలో, తేదీలో, సంవత్సరంలో. అంతేకాక 2002 తానే అటూ ఇటూ ఒకటిగా చదివే సంవత్సరం. అంతకుముందు 1991. సాధారణంగా ఇటువంటి సంవత్సరాల నడుమ 110 ఏండ్ల దూరం ఉంటుంది. సహస్రాబ్ది మారే చోట మాత్రమే అది 11కు తగ్గింది. నేటి మన విద్యార్థులు పుట్టేసరికి 2002 దాటిపోయింది. తరువాతిది 2112. వారిలో ఎవరైనా దానిని చూస్తే ఆ రోజు పత్రికలో ఫోటో పడుతుంది.

“మన హిజ్రీలో ఎప్పుడు?” అన్నది ఆయన తరువాతి ప్రశ్న. ఆయనకు తన పుట్టుక తెలిసినది హిజ్రీ 1347 అన్న మేరకే. తేదీ లేదు, నెల లేదు. ఇప్పుడు నడుస్తున్నవి 14తో మొదలయ్యే సంవత్సరాలు. 41వ నెల లేదు కనుక హిజ్రీలో ప్రస్తుతం ఆ దీర్ఘ విరామమే నడుస్తున్నది. కడపటిది జుల్ ఖాదా 29, 1192. అంకెలు అవే, 29-11-1192. కాని హిజ్రీలో అది క్రీస్తు శకం 1778 డిసెంబరు. హైదరాబాదులో నిజాం అలీ ఖాన్ కాలం. ఒకే ఎనిమిది అంకెలు ఒక పంచాంగంలో కాకతీయుల వద్ద, మరొక పంచాంగంలో ఆసఫ్ జాహీల వద్ద నిలబడ్డాయి. ఇంకా వెనుకకు పోతే నాలుగంకెల హిజ్రీ సంవత్సరాలలో మొట్టమొదటిది 10-01-1001, ముహర్రం పదవ తేదీ. అది 1592 అక్టోబరులో పడింది. చార్మినార్ కట్టిన 1591కి మరుసటి ఏడు. హిజ్రీలో రాబోయేది సఫర్ 10, 2001. దానికి క్రీస్తు శకం 2563 ప్రాంతం వరకు ఆగాలి. “తొందర లేదు,” అన్నారు అబ్బా.

ఇటువంటి తేదీలకు శుభం, అశుభం అంటగట్టడం నాకు ఎన్నడూ నచ్చలేదు. ఈ తేదీలలో పెండ్లి చేసుకోవాలని, బిడ్డను కనాలని ఉబలాటపడేవారిని చూశాను. ఇది వ్రాతలోని వింతే గాని రోజులోని మహిమ కాదు. నెలను ముందు వ్రాసే దేశంలో ఈ తేదీలు వేరు. సంవత్సరాన్ని ముందు వ్రాసే చోట మరీ వేరు. అబ్బాకు కూడా మూఢనమ్మకం లేదు. ఎవరూ తప్పు చదవలేని తేదీ కావాలన్నదే ఆయన పట్టుదల. ఆ పట్టుదలతోనే మా అమ్మాయి నికాహ్‌ను 11-02-2011న పెట్టించారు. శుక్రవారం కూడా కలిసి వచ్చింది. నికాహ్‌నామాలో తేదీ వేసే చోట దగ్గరుండి అంకెలు వేయించారు. “ఇక దీనికి భయం లేదు,” అన్నారు.

అల్లుడు అమెరికాలో, షికాగోలో, ఉద్యోగం. అమ్మాయిని తీసుకుపోవడానికి కాగితాలన్నీ జూన్‌లో పంపాము. ఆగస్టుకు ప్రయాణమని పెట్టెలు కూడా కొన్నాము. జూలైలో ఆ కాగితాలు పరిశీలించిన కార్యాలయం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వివాహం జరిగిన తేదీ 2011 నవంబరు 2 అని మీ ధ్రువపత్రంలో ఉన్నది, ఆ తేదీ ఇంకా రాలేదు, జరగని వివాహానికి ధ్రువపత్రం ఎలా వచ్చిందో వివరించవలసినది అని దాని సారాంశం.

నేను ఆ ఉత్తరాన్ని చదివి వినిపించినప్పుడు అబ్బా ముఖం పాలిపోయింది. అమెరికాలో నెలను ముందు, రోజును తరువాత వ్రాస్తారు. మన పదకొండో తేదీ వారికి పదకొండో నెల. కుడి నుంచి చదివినా ఎడమ నుంచి చదివినా చెడని తేదీని నడుమ పట్టుకొని తిప్పారు! పైగా ఆ నవంబరు 2 కూడా వారి పద్ధతిలో 11-02-2011గా ఎటు చదివినా ఒకటే. ఇంతకు మించిన వెక్కిరింత ఏముంటుంది?

“అంకెలను నమ్మాను. అక్షరాలలో వ్రాయించి ఉండవలసింది,” అని ఆయన వారం రోజులు అదే మాట అన్నారు. అప్పటికి 1966 నాటి చీటీ కూడా ఆయన మనసులో మెదిలిందని వేరే చెప్పనక్కరలేదు. నాకు కోపం రాలేదని చెబితే అబద్ధమవుతుంది. కాని ఎనభై మూడేండ్ల మనిషి రాత్రిపూట వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఉంటే ఆ కోపాన్ని ఎవరి మీద చూపాలి? ఖాజీగారి కార్యాలయం నుంచి తేదీని మాటలలో వ్రాసిన నకలు తీసుకొని, అఫిడవిట్ జతచేసి మరల పంపాము. అమ్మాయి ప్రయాణం ఆగస్టు నుంచి డిసెంబరుకు మారింది.

ఆ నాలుగు నెలలు అమ్మాయి తాతగారి దగ్గరనే గడిపింది. ఎర్ర పుస్తకంలోని ఉర్దూ లెక్కలన్నీ ఆయన చెబుతుండగా చదివింది. ప్రత్తి ధరలు, ఎవరికో ఇచ్చిన అప్పులు, మేము ముగ్గురు పిల్లలం పుట్టిన వేళలు. ఆలస్యమైనందుకు అందరం విచారిస్తుంటే, ఆయన విచారం ఆశ్వయుజ మాసపు మబ్బులాగా రోజు రోజుకూ పలుచబడటం గమనించాను. 1966లో ఆయన ఎందుకు నోరు మెదపలేదో నాకు అప్పుడు మరింత బాగా అర్థమైంది. పొరపాటు వలన మన బిడ్డ మన కంటి ముందు కూర్చుని ఉంటే, దానిని దిద్దమని పరుగెత్తే కాళ్ళు ఎవరికి ఉంటాయి?

అబ్బా 2014లో కాలం చేశారు.

02-02-2020 ఆదివారం. మన పద్ధతిలోను, అమెరికా పద్ధతిలోను, సంవత్సరాన్ని ముందు వ్రాసే పద్ధతిలోను కూడా అటూ ఇటూ ఒకటిగా చదివే తేదీ అది. అటువంటిది అంతకుముందు 11-11-1111. అంటే 909 ఏండ్ల క్రిందట. ఇక ముందు 12-12-2121. ఆ రోజు సంవత్సరంలో 33వ రోజు. ఏడాది ముగియడానికి ఇంకా 333 రోజులు. అది పడిన హిజ్రీ సంవత్సరం కూడా 1441. ఇన్ని కలిసిన రోజున అబ్బా లేరు. షికాగోలో తేదీ మారడానికి మనకు పగలు పదకొండున్నర కావాలి. అప్పటి దాకా ఆగి ఫోను చేశాను. అక్కడ అర్ధరాత్రి. అమ్మాయి మేలుకొనే ఉంది.

“దాదా ఉంటే నికాహ్ ఈ రోజు పెట్టించేవారు అబ్బా,” అన్నది.

“తొమ్మిదేండ్లు ఆగమనేవారా?” అన్నాను.

“ఆగమనేవారు,” అని నవ్వింది.

2021 జనవరి చివరన, రికార్డు ప్రకారం అరవై నిండినందున నేను పదవీ విరమణ చేశాను. పన్నెండు రోజుల తరువాత 12-02-2021 వచ్చింది. అబ్బా పుస్తకం ప్రకారం నాకు ఇంకా అరవై నిండలేదు. ఆ శుక్రవారం ఉదయం నేను తరగతిలో నిలబడి నల్లబల్ల మీద కుడివైపు మూలన ఆ తేదీ వేయవలసినవాణ్ణి. ముప్పై నాలుగేండ్లలో నేను బల్ల మీద ఎన్నో వేల తేదీలు వేశాను. ఆ ఒక్కటి వేయలేకపోయానని ఇంట్లో కూర్చొని బాధపడ్డాను. పోయిన ఉద్యోగానికి కూడా అంతగా బాధపడలేదు. ఇది విని కమిటీవారు నవ్వుకుంటే నవ్వుకోవచ్చు.

ఎర్ర అట్ట పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. దాని చివరి పుటలో అబ్బా 29 తేదీలను ఉర్దూ అంకెలలో వరుసగా వ్రాశారు. 10-02-2001 మొదలు 29-02-2092 వరకు. 2001, 2002, 2010, 2011, 2012 తేదీలకు ఎదురుగా ఆయన వేసిన టిక్కులు ఉన్నాయి. 2011 టిక్కు పక్కన మాత్రం ఒక చిన్న ప్రశ్నార్థకం. 2020, 2021, 2022 టిక్కులు నావి. తరువాతిది 03-02-2030, ఆదివారం.

పోయిన వేసవి సెలవులకు అమ్మాయి కొడుకు వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని చూపించాను. వాడు 2013లో పుట్టాడు; 2092 నాటికి వాడికి 79 ఏండ్లు ఉంటాయి. పుస్తకాన్ని చేతిలోకి తీసుకొని ఈ అట్ట, ఆ అట్ట తిప్పి చూశాడు.

“నానా, దీన్ని ఎటు వైపు నుంచి తెరవాలి?” అని అడిగాడు.